కత్తి పట్టిన చేతికి లెక్కల పుస్తకం

పెద్ద డాక్టర్లకు జ్ఞాపకశక్తి ఎక్కువంటారు. నిజమే కానీ, అది ఎక్కువగా బతికిన రోగుల విషయంలోనే పనిచేస్తుంది. పోయినవారి సంగతి వచ్చేసరికి 'కేసు ఆలస్యంగా వచ్చింది', 'పాప మరీ బలహీనంగా ఉంది' అన్న రెండు వాక్యాలు అడ్డుపడతాయి. అవి చాలాసార్లు నిజాలే కూడా. అందుకే వాటిని దాటి చూడటం కష్టం. అలా చూసిన సర్జన్ ఒకరున్నారు. చూడటంతో ఆగక తన ఆపరేషన్లలో పిల్లలు ఎప్పుడు, ఎందరు చనిపోయారో లెక్క గట్టి, తన పేరుతోనే అచ్చు వేయించారు. ఆయన పేరు మార్క్ డి లెవాల్.

బెల్జియంలో పుట్టిన డి లెవాల్ లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో గుండె సర్జన్‌గా పేరు తెచ్చుకున్నారు. ఒళ్లు నీలంగా మారే శిశువులకు ఊపిరితిత్తుల వైపు రక్తం మళ్లించే బ్లాలాక్-టౌసిగ్ షంట్‌ను కృత్రిమ గొట్టంతో చేసే పద్ధతిపై 1981లో ఆయన బృందం వెలువరించిన పత్రం ప్రపంచమంతా పాకింది. 2022లో ఆయన మరణించేదాకా ఈ రంగంలో పెద్ద తలకాయల్లో ఒకరు. అయితే ఇక్కడ ప్రస్తావన ఆయన విజయాల గురించి కాదు.

కొందరు శిశువులకు గుండె నుంచి బయలుదేరే రెండు ప్రధాన ధమనులు పుట్టుకతోనే తారుమారవుతాయి. శుద్ధి అయిన రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది, శుద్ధి కానిది ఒళ్లంతా తిరుగుతుంది. ధమనులను కోసి, ఒకదాని చోట మరొకటి కుట్టే ఆర్టీరియల్ స్విచ్ ఆపరేషన్‌ను 1975లో తొలిసారి విజయవంతంగా చేసింది బ్రెజిల్ సర్జన్ అదీబ్ జటేన్. వినడానికి ప్లంబింగ్ పనిలా ఉంటుంది. కానీ గుండె కండరానికే రక్తం అందించే కరొనరీ నాళాలను కూడా విడదీసి కొత్తచోట అతకాలి. నవజాత శిశువులో వాటి మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఒక్కటి మెలి పడినా అంతే సంగతులు.

ఈ ఆపరేషన్‌లో డి లెవాల్ చేయి తిరిగిన మనిషి. మొదటి 52 మంది పసికందుల్లో చనిపోయింది ఒక్కరే. ఆ తర్వాతి పదిహేను పదహారు మందిలో ఏకంగా ఏడుగురు పోయారు. అదే సర్జన్, అదే ఆసుపత్రి, అదే ఆపరేషన్. దురదృష్టమా, లేక చేతిలో ఏదైనా తేడా వచ్చిందా?

ఈ ప్రశ్నకు గుండె ధైర్యం ఒక్కటే చాలదు, గణాంక శాస్త్రం కావాలి. నాణేన్ని ఎగరేస్తే వరసగా ఐదుసార్లు బొమ్మే పడొచ్చు, అంతమాత్రాన నాణెం దొంగది కాదు. ఏది యాదృచ్ఛికం, ఏది హెచ్చరిక అన్నది తేల్చడానికి డి లెవాల్ గణాంక నిపుణుడు డేవిడ్ స్పీగల్‌హాల్టర్‌తో చేతులు కలిపారు. వారు వాడిన పనిముట్టు వైద్య కళాశాలది కాదు, ఫ్యాక్టరీది. సరుకు నాణ్యత ఎప్పుడు దిగజారడం మొదలైందో పసిగట్టడానికి ఇ.ఎస్.పేజ్ 1954లో ప్రతిపాదించిన 'క్యుసమ్' అనే కూడికల గీత అది. ఒక్కో ఆపరేషన్‌కూ గీత ఒక్కో అడుగు ముందుకు వేస్తుంది. బిడ్డ బతికితే కొంచెం దిగుతుంది, పోతే బాగా పైకి లేస్తుంది. ఫలితాలు ఊహించిన స్థాయిలో ఉన్నంతకాలం ఎగుడుదిగుళ్లతో అటూ ఇటూ ఊగుతుంది. హద్దు దాటి పైకి పోతే మాత్రం అది చెడ్డ రోజుల ఖాతాలో వేయదగ్గది కాదు.

డి లెవాల్ గీత హద్దు దాటింది. ఆయన ఇదే ఆపరేషన్‌లో మంచి ఫలితాలున్న బర్మింగ్‌హామ్ సర్జన్ విలియం బ్రాన్ దగ్గర మళ్లీ పని నేర్చుకున్నారు. ఫలితాలు గాడిన పడ్డాయి. 1994లో అమెరికన్ పత్రిక 'జర్నల్ ఆఫ్ థొరాసిక్ అండ్ కార్డియోవాస్క్యులర్ సర్జరీ'లో 104 మంది పిల్లల లెక్కతో ఈ కథంతా ప్రచురించారు. అందులో మరణాలకన్నా విలువైన పాఠం మరొకటుంది. గుండె-ఊపిరితిత్తుల యంత్రం నుంచి తప్పించాక బిడ్డను మళ్లీ దాని మీదికే ఎక్కించాల్సి వస్తే అది కొద్దిలో తప్పిన ప్రమాదం. ఇలాంటివాటినీ లెక్కలోకి తీసుకుంటే గంట ఇంకా ముందే మోగుతుంది. చావు కోసం ఎదురుచూడనక్కర్లేదు.

లండన్ నుంచి రైలెక్కితే రెండు గంటల్లోపు వచ్చే బ్రిస్టల్‌లో అదే కాలంలో ఇదే కథ మరోలా నడిచింది. రాయల్ ఇన్‌ఫర్మరీలో పిల్లల గుండె ఆపరేషన్ల మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1988లో చేరిన మత్తు వైద్యుడు స్టీఫెన్ బోల్సిన్ లెక్కలు తీసి చూపించారు. పైవారికి అవి రుచించలేదు. అక్కడ స్విచ్ ఆపరేషన్లు చేసిన భారత సంతతి సర్జన్ జనార్దన్ ధస్మానా కూడా డి లెవాల్‌లాగే బర్మింగ్‌హామ్ వెళ్లి బ్రాన్ పని చూసి వచ్చారు. ఫలితాలు మారకపోవడంతో 1993లో నవజాత శిశువులకు ఆ ఆపరేషన్ మానేశారు. పెద్ద పిల్లలకు మాత్రం కొనసాగింది. 1995 జనవరిలో, ముందురోజు సహచరులు వద్దన్నా, ఏడాదిన్నర బాబుకు ఆపరేషన్ జరిగింది. బాబు బతకలేదు. మరుసటి నెల తనిఖీకి వచ్చిన ఇద్దరు బయటి నిపుణుల్లో ఒకరు డి లెవాల్.

1998లో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ ఇద్దరు వైద్యుల పేర్లు రిజిస్టర్ నుంచి కొట్టేసి, ధస్మానా మూడేళ్లు పిల్లలకు ఆపరేషన్లు చేయరాదని ఆంక్ష పెట్టింది. ఇయాన్ కెనెడీ విచారణ సంఘం 2001 జులైలో నివేదిక ఇచ్చింది. 1991-95 మధ్య ఏడాదిలోపు పిల్లల్లో, సాధారణ కేంద్రంలో జరిగేదానికన్నా 30 నుంచి 35 మంది అదనంగా చనిపోయారన్నది దాని సారం. ఆ సంఘం ముందు గణాంకాలు వడగట్టిన వారిలో స్పీగల్‌హాల్టర్ కూడా ఉన్నారు. బ్రిస్టల్ వైద్యులు కసాయిలని కెనెడీ ఎక్కడా అనలేదు. పిల్లల కోసం కష్టపడినవారే, తమ పని ఎలా ఉందో తమకే తెలియని వ్యవస్థలో ఇరుక్కున్నారన్నారు. నాకైతే ఆ మాట సగమే ఒప్పుకోబుద్ధవుతుంది. లెక్క లేకపోవడం వేరు, బల్ల మీద పెట్టిన లెక్కను పక్కకు నెట్టడం వేరు.

డి లెవాల్ అక్కడితో ఆగలేదు. బ్రిటన్‌లోని 16 కేంద్రాల్లో, 21 మంది సర్జన్లు చేసిన 243 స్విచ్ ఆపరేషన్లను పరిశీలించిన అధ్యయనానికి ఆయనే సారథి. 2000లో వెలువడిన ఆ ఫలితం సర్జన్ అహాన్ని కొంచెం కుదిపేది: పెద్ద పొరపాట్లతో పాటు, ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న అవాంతరాలు పోగుపడటం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఆపరేషన్ థియేటర్ నుంచి ఐసీయూకు బిడ్డను అప్పగించే గడబిడను సరిచేయడానికి ఆయన సహచరులు ఫార్ములా వన్ కార్లకు టైర్లు మార్చే ఫెరారీ సిబ్బంది సలహా అడిగారు. వింతగా తోచినా ఫలితం కనిపించింది. 2007లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక్కో అప్పగింతలో సగటున 5.42గా ఉన్న సాంకేతిక లోపాలు 3.15కు తగ్గాయి.

అంకెలు ఎప్పుడూ సత్యమే చెబుతాయని కాదు. 2013 మార్చిలో లీడ్స్‌లో పిల్లల గుండె ఆపరేషన్లను ఆపేశారు. తీరా చూస్తే ఆధారంగా వాడిన సమాచారం అసంపూర్ణం, కొద్ది రోజులకే మళ్లీ మొదలుపెట్టారు. పది ఆపరేషన్లు చేసే చోట ఒక్క మరణం తేడాతో శాతం తల్లకిందులవుతుంది. కష్టమైన కేసులు తీసుకునే సర్జన్‌కే చెడ్డపేరు వస్తే, రేపు ఆ కేసులు ఎవరూ తీసుకోరు. అందుకే జబ్బు తీవ్రతను బట్టి సర్దుబాటు చేసిన లెక్కలే అక్కడ ఆసుపత్రుల వారీగా బయటపెడుతున్నారు.

మన దగ్గర ఏటా రెండు లక్షలకు పైగా పిల్లలు గుండె లోపాలతో పుడుతున్నారని వైద్యుల అంచనా. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద ఇంటి పసిగుడ్డుకు కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచింది. పథకం పేర్లు మారినా ఆ మేలు కాదనలేనిది. బోస్టన్ పిల్లల ఆసుపత్రి నడిపే అంతర్జాతీయ నాణ్యత కార్యక్రమంలో చేరి ఫలితాలు పంచుకుంటున్న భారతీయ కేంద్రాలూ ఉన్నాయి. అయితే పథకం కింద ఎన్ని ఆపరేషన్లు జరిగాయో, ఎన్ని కోట్లు చెల్లించారో ప్రభుత్వాలు ఘనంగా చెబుతాయి. ఏ ఆసుపత్రిలో ఎందరు పిల్లలు బతికి ఇంటికెళ్లారన్న పట్టిక మాత్రం జనం ముందుకు రాదు. డబ్బు కడుతున్నది ప్రభుత్వమే. బిల్లుతో పాటు ఫలితం కూడా రాయమనడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో బిడ్డను ఎత్తుకొచ్చిన తండ్రికి ఆసుపత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర కనిపిస్తారు. కార్డు చూస్తారు, ఫారం నింపుతారు, ఏ అంతస్తుకు వెళ్లాలో చెబుతారు. 'సార్, ఇక్కడ ఈ ఆపరేషన్ ఎంతమందికి చేశారు, ఎంతమంది బతికారు?' అని ఆ తండ్రి అడిగితే, తీసి చూపించే కాగితం ఆ బల్ల మీద లేదు.