ఎల్లలెరుగని ఆయుధము

శ్రీ సత్యసాయి జిల్లాలోని నంబులపూలకుంట మండలము పూర్వపు అనంతపురము, కడప జిల్లాల సరిహద్దున ఉన్నది. ఈ మెట్టసీమలో వేరుసెనగ పండించు రైతునకు అడవిపంది పెద్ద బెడద. నెలల తరబడి పెంచిన చేను ఒక్క రాత్రిలో పాడైనచో, అతడు తుపాకి కోరుటలో వింత లేదు.

చట్టమును ఆ అవసరమును గుర్తించినది. 1959 నాటి ఆయుధముల చట్టము, పంట కాపుదలకై మందు కూరి పేల్చు తుపాకికి లైసెన్సు నొసగుచున్నది. అయితే తయారుచేసినవారి పేరు, సంఖ్య వంటి గుర్తులు లేని తుపాకిని అమ్మరాదనియు, ఉన్న గుర్తులను చెరపరాదనియు అదే చట్టము శాసించుచున్నది.

ఈ సంఖ్య స్వల్పవిషయము కాదు. తుపాకికి అదియే ఇంటిపేరు. దొంగచాటుగా చేసిన నాటు తుపాకికి అది లేదు. నేడు పందికై కొన్నది రేపు పగ తీర్చుకొనుటకు ఉపయోగపడవచ్చును. అది ఎల్ల దాటినచో, ఎవరు చేసిరో, ఎవరు అమ్మిరో తెలిసికొనుట దుర్లభము.

ఆఫ్రికాలో పలు దేశములు ఈ చిక్కునే ఎదుర్కొన్నవి. తూర్పు ఆఫ్రికా, మహాసరోవర ప్రాంతముల దేశములు 2004లో నైరోబీ నగరమున ఒడంబడిక చేసికొని, ఆయుధములకు గుర్తులు వేయుటకును, లెక్కలు వ్రాయుటకును, సమాచారమును పరస్పరము తెలుపుకొనుటకును అంగీకరించినవి.

దేశములకు తగిన ఈ నీతి ఇరుగుపొరుగు జిల్లాలకును తగును. ఒక ఠాణా ఎరిగినది పొరుగు ఠాణాకును తెలియవలెను. అయితే నిషేధ మొక్కటే చాలదు. పంట నష్టపోయిన రైతునకు సకాలమున పరిహారము అందవలెను. అతని చేనికి రక్షణ కల్పించిననాడే దొంగ తుపాకికి గిరాకి తగ్గును.