ఇంటి మధ్యలో కాస్త ఆకాశం

ఇల్లు కట్టుకుంటున్నామని ఎవరు చెప్పినా నేను అడిగేది ఒక్కటే: ప్లాను గీయించేటప్పుడు మీరు పక్కన కూర్చున్నారా? "అవన్నీ ఆయనా, మేస్త్రీ చూసుకుంటున్నారు" అనే జవాబే ఎక్కువ. పూజగది ఏ మూలనో మాత్రం మనల్ని అడుగుతారు. పొద్దస్తమానం ఆ ఇంట్లో మసిలేది ఎవరో ఎవరికీ గుర్తురాదు!

దాని ఫలితం చూస్తూనే ఉన్నాం. గజం ఖరీదు చూసి స్థలమంతా శ్లాబు వేసేస్తారు. తర్వాత పట్టపగలే వంటింట్లో లైటు వేసుకుని చెమటలు కక్కేది మనం.

మన గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిళ్లకు ఈ బాధ లేదు. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం. వేడిగాలి పైకి పోయేది, వెలుతురు అన్ని గదులకూ అందేది. నిజమే, గడప దాటనివ్వని ఆడవాళ్లకు ఆ రోజుల్లో కనిపించిన ఆకాశం కూడా అదే. ఆ కట్టుబాటు మనకొద్దు. ఆ గాలీ వెలుతురూ ఎందుకు వదులుకోవాలి?

"అది పల్లెటూరి పద్ధతి, అంత స్థలం మాకెక్కడిది?" అంటారా? కొలంబోలో బాతిక్ కళాకారిణి ఎనా డిసిల్వా తన ఇల్లు ఆధునికంగా ఉండాలి, పాత సింహళ ఇళ్ల పోలికా ఉండాలి అని పట్టుబట్టారు. నగరంలోని చిన్న స్థలంలోనే ఆర్కిటెక్ట్ జెఫ్రీ బవా మధ్యలో వాకిలి వదిలి 1962 నాటికి ఆ ఇల్లు కట్టి ఇచ్చారు. తర్వాతి కాలంలో ఆ ఇంటిని విడదీసి, లునుగంగ తోటలో మళ్లీ నిలబెట్టారంటే దాని విలువ చూడండి. అడిగిన ఇల్లాలు ఉంటే గీసే చెయ్యి దొరుకుతుంది.

లెక్క వేద్దాం. 200 గజాలంటే 1800 చదరపు అడుగులు. మధ్యలో పదికి పది వదిలితే పోయేది నూరు అడుగులే. వంటింటి తలుపు అటే తెరుచుకోనివ్వండి. నేల గదులకన్నా ఆరంగుళాలు కిందికి ఉండాలి. వాననీళ్లు నిలిస్తే దోమలు చేరతాయి కాబట్టి వాలు సరిగా పెట్టించి, గొట్టం ఇంకుడు గుంతలోకి వదలాలి. జల్లు లోపలికి కొట్టకుండా చుట్టూ రెండడుగుల సన్‌షేడ్, దొంగలూ కోతులూ దిగకుండా పైన ఇనుప గ్రిల్లు తప్పనిసరి. వంద గజాలే ఉంటే మెట్ల పక్కన నాలుగడుగులు పైదాకా తెరిచి ఉంచినా చాలు, వెలుతురు దిగుతుంది.

ఊడ్చే పని కొంచెం పెరుగుతుంది, దాచను. ఆ చీపురు మన ఒక్కరి చేతికే రాకుండా చూసుకోవడమూ ప్లానులో భాగమే!

ఏదైనా సరే, పునాదులకు ముగ్గు పోసేలోగానే అడగండి. గోడలు లేచాక అడిగితే "ఇప్పుడేం చెయ్యగలనమ్మా?" అంటాడు మేస్త్రీ. అతని తప్పేం లేదు మరి.