అహోబిలపు తాళము

అహోబిల క్షేత్రమున ఛత్రవట నరసింహస్వామిని సేవింపబోయిన యాత్రికునకు హాహా హూహూ గంధర్వుల కథ వినిపింతురు. వారి గానమునకు మెచ్చి స్వామి తొడపై తాళము వేయుచున్నాడట. ఈ కథను మేము శిరసావహింతుము. కాని ఆ హస్తమును జూపి, ఇది ఆదితాళమని, మన సంగీతము నాటినుండి అక్షరము మాఱలేదని ఘోషించు పండితమ్మన్యులతోనే మాకు పేచీ. అఱచేత కొట్టుట, వ్రేళ్లు లెక్కించుట, చేయి త్రిప్పి విసరుట ఒకదాని వెంట నొకటి నడచిననే తాళము. శిల్పి రాతిలో నిలుపగలిగినది ఒక్క క్షణము. అందుండి ఆవర్తమును రాబట్టుట ఒక యక్షరమును జూచి పద్యమంతయు చదువుట వంటిది.

వీణకు జరుగు నన్యాయము మఱింత ఘోరము. శిల్పము చేత తంత్రులు కనబడుటయే తడవు, "అదిగో సరస్వతీవీణ" యందురు. లండను, మదరాసు మ్యూజియములలోని అమరావతి ఫలకములను జూడుడు. అందు స్త్రీలు ఒడినుంచుకొని మీటునది వింటివలె వంగిన వీణ. దానికి మెట్లు లేవు. 4వ శతాబ్దమున సముద్రగుప్తుడు తన బంగారు నాణెముపై వాయించునదియు నట్టిదే. దక్షిణాపథమున నది మఱుగుపడినది. దాని జాతి వాద్యము బర్మాలో నేటికిని మ్రోగుచున్నది. మెట్ల వీణను గూర్చి రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధియందు విపులముగా వ్రాసెను. 24 మెట్ల నేటి వీణ 17వ శతాబ్దపు తంజావూరి రఘునాథనాయకుని నాటిదని ప్రతీతి. ఇంత మార్పు కన్నులయెదుట నుండ, మార్పు లేదనుట దేశభక్తి యెట్లగును? మన పూర్వులు ఎప్పటికప్పుడు క్రొత్త వాద్యములను కల్పించిరనుట వారికి అగౌరవమా?

శిల్పియు పొరపడవచ్చును; రాయి విఱుగునను భయమున తంత్రులను గుత్తముగా చెక్కియుండవచ్చును. అందుచేతనే లేపాక్షి నాట్యమండపమున తుంబురుని వీణను జూచునపుడు రామామాత్యుని గ్రంథము చెంత నుండవలెను.

కాని చూచుటకు మిగులవలెను గదా! మన ఆలయస్తంభములకు ఏటేట సున్నము, ఉత్సవమున కొక రంగు, శుభ్రపఱచు నెపమున ఇసుక చిమ్ముట. సన్నని తంత్రీరేఖలు ముందుగా బోవును. దేవాదాయ శాఖవారిని, మఠాధికారులను మే మడుగున దొక్కటి. కృష్ణరాయలు 1515లో సేవించిన ఆ కొండలయందు కుంచె గాని ఉలి గాని సోకకమున్నే శిల్పములలోని ప్రతి వాద్యకారుని ఛాయాచిత్రము తీయింపుడు. తంత్రులెన్ని, మెట్లున్నవా, బుఱ్ఱ యెదకానినదా భుజమునకెక్కినదా, ఏ వ్రేలు మీటుచున్నది, కొలిచి వ్రాయింపుడు. శిల్పశాస్త్రి యొక్కడు చాలడు, వైణికునిగూడ వెంటగొనిపొండు. ఆ పట్టికలను నంద్యాల, ఆళ్లగడ్డ పఠనమందిరములకు బంపుడు.