సైకిల్ బాట అక్కడ, బడి ఇక్కడ

2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. పైన సోలార్ పలకల నీడ. తొక్కి చూశాను, హాయిగానే ఉంది. సైకిలంటే నాకు ప్రాణం మరి! కానీ ఊరి మధ్య ఉండేవాళ్లు అక్కడికి సైకిల్ని కారెక్కించుకుని వెళ్లాలి.

మా అమ్మాయి బడి ఇంటికి రెండు కిలోమీటర్లే. దారి పొడుగునా అడ్డంగా ఆపిన కార్లు, ఎదురొచ్చే బైకులు. ఎలా పంపను? స్కూటర్ మీద దింపుతున్నాను. తల్లులందరం అదే పని చేస్తుంటే గేటు ముందు రద్దీ పెరగదూ?

బీహార్ 2006లో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ల పథకం పెట్టింది, బడిలో చేరేవాళ్లు పెరిగారు. సైకిల్ ఒక్కటే చాలదు, దారీ కావాలి. బడి వేళల్లో ఆ వీధిలో పార్కింగు ఆపి, సైకిళ్లకో గీత గీయడానికి సోలార్ పలకలేం అక్కర్లేదు. ట్రాఫిక్ పోలీసులు, మున్సిపాలిటీ కలిసి కూర్చుంటే చాలు.