బడి నిధులు సకాలంలో విడుదల చేయాలని కోరుతూ తీర్మానం

తిరుమలాయపాలెం మండలంలోని సర్కారు బడుల ఉపాధ్యాయులు, విద్యార్థుల తల్లిదండ్రులు, మధ్యాహ్న భోజన కార్మికుల ఉమ్మడి సభ చర్చించి ఆమోదించిన తీర్మానం.

2024–25 రాష్ట్ర బడ్జెట్ రూ.2,91,159 కోట్లలో విద్యకు దక్కింది రూ.21,292 కోట్లు, అంటే వందకు ఏడు రూపాయల పైచిలుకు మాత్రమే. కోవిడ్ తర్వాత బడులు తెరిచినప్పుడు స్వచ్ఛ కార్మికులను, విద్యా వాలంటీర్లను కొనసాగించలేదు. బడి ఊడ్పించే బాధ్యత, టీచర్లు లేని తరగతుల భారం మిగిలిన టీచర్ల మీదే పడ్డాయి. 2024లో పారిశుధ్య గ్రాంటు ఇవ్వడాన్ని, 11,062 టీచర్ పోస్టులకు డీఎస్సీ ప్రకటించడాన్ని సభ హర్షిస్తున్నది.

అయితే కేటాయించిన డబ్బు సమయానికి చేరకపోతే అది కోతతో సమానమని సభ భావిస్తున్నది. సమగ్ర శిక్ష కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చేది రూ.10,000. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్నచిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. అది ఏడాది చివర వస్తే, జూన్‌లో కొనాల్సినవి హెడ్‌మాస్టరు జేబులోంచి కొనాలి. వంట చేసే అక్కలు గుడ్లు, కూరగాయలు ఖాతా మీద తెచ్చి వండుతారు. బిల్లు ఆలస్యమైతే అప్పు, వడ్డీ రెండూ వాళ్లవే. డబ్బుకు తోడు టీచర్ల కొరతా ఉంది: తండా బడిలో ఒకటో తరగతికి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించాలి. ఒక్క టీచరే అయిదు తరగతులు చూసుకునే చోట అది సాధ్యం కాదు.

కావున ఈ సభ కింది విధంగా తీర్మానిస్తున్నది:

1. పాఠశాల గ్రాంటులో సగం బడులు తెరిచే నాటికే ఖాతాల్లో జమచేయాలి.

2. భోజన బిల్లులు, వంట కార్మికుల రూ.3,000 గౌరవ వేతనం ప్రతి నెలా పదో తేదీలోగా చెల్లించాలి. గుడ్డుకు ప్రభుత్వం చెల్లించే ధరను మార్కెట్ రేటు ప్రకారం సవరించాలి.

3. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు ఉండాలి. ప్రతి తండా బడిలో దీన్ని అమలు చేయాలి. ఖాళీలు భర్తీ అయ్యేదాకా విద్యా వాలంటీర్లను నియమించాలి.

4. పిల్లలు తక్కువున్నారన్న పేరుతో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ బడినీ మూయరాదు, మరో బడిలో కలపరాదు.

5. విద్య వాటాను ఏటా పెంచుతూ బడ్జెట్‌లో 15 శాతానికి చేర్చాలి.

6. మా వంతుగా, వచ్చిన ప్రతి రూపాయి లెక్కను బడి గోడ మీది బోర్డుపై రాసి ఉంచుతాం.

పై తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. దీని ప్రతులను మండల విద్యాధికారి, జిల్లా విద్యాశాఖాధికారి, జిల్లా కలెక్టర్, పాలేరు శాసనసభ్యులకు అందజేయాలని నిర్ణయించింది.