ఎవరు మెచ్చితే గొప్ప?

పదిమందీ మెచ్చినవాడే ప్రతిభావంతుడని కొందరంటారు. పదిమందికీ నచ్చిందంటేనే అందులో సరుకు తక్కువని మరికొందరంటారు. ఇదివరకు ఈ తగవు పండితుల అరుగుల మీద నడిచేది. ఇప్పుడు మన ముందుగదిలోకే వచ్చింది. టెలివిజనులో పిల్లలు పాటలు పాడతారు, ఓట్లు వెయ్యమని మనని అడుగుతారు. ఓట్లు చాలని పిల్ల ఇంటికి వచ్చి, "నా పాట బాగాలేదా అమ్మా?" అంటే ఆ తల్లి ఏం చెప్పాలి?

జవాబు కోసం దూరం పోనక్కరలేదు. మన కవులలోనే ఇద్దరున్నారు.

మొదటివాడు వేమన. పండితులు చాలాకాలం ఆయనను కవుల పంక్తిలో కూర్చోనివ్వలేదు. జనం మాత్రం ఎవరినీ అడక్కుండా ఆయన పద్యాలను నాలుకల మీద దాచుకున్నారు. 1824లో సి.పి. బ్రౌన్ దొర ఆ పద్యాల ప్రతులు పోగుచెయ్యడం మొదలుపెట్టి, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. పదేళ్ళకు, 1839లో, మళ్ళీ అచ్చు వేసేసరికి పద్యాలు 1164 అయ్యాయి. ఆ తరువాత ఆయన పేర వెలసిన పద్యాలు వేలకు చేరాయి. ఆటవెలది నడక పట్టుబడ్డవాడల్లా నాలుగో పాదంలో వేమన మకుటం తగిలిస్తే, అదీ వేమన పద్యమే అయిపోయింది! ఇవాళ ఏది ఆయనదో, ఏది కాదో తేల్చడం పెద్ద చిక్కు. జనం మెప్పు ఆయన్ని బతికించింది, నిజమే. ఆ మెప్పే ఆయన గొంతును పదిమంది గొంతులలో కలిపేసింది కూడాను.

రెండోవాడు తాళ్ళపాక అన్నమయ్య (1408-1503). ఆయన పాటలు 32 వేలని ప్రతీతి. కుటుంబంవారు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే భద్రపరిచారు. ఇంతకంటె జాగ్రత్త ఏముంటుంది? అయినా, ఆ రేకులు వందల ఏళ్ళు ఒక చీకటి అరలో ఉండిపోయాయి. ఆయనవిగా చెప్పే ఒకటి రెండు జోలపాటలను తల్లులు పాడుతూనే వచ్చారు గాని, ఆ పాట కట్టినదెవరో వారికి తెలియదు. ఇరవయ్యో శతాబ్దంలో రేకులు బయటపడ్డాక గదా లోకానికి ఆ మహానుభావుడి సంగతి తెలిసింది! అన్ని వందల ఏళ్ళూ ఆ పాటలలో మాధుర్యం ఒక్క పిసరైనా తగ్గిందా? లేదు. వినేవాళ్ళు లేరు, అంతే.

చూశారా! ఒకరికి మెప్పుంది, మర్యాద లేదు. మరొకరికి ప్రతిభ ఉంది, వినేవాళ్ళు లేరు. మెప్పు కొలిచే తక్కెడ వేరు, ప్రతిభ కొలిచే తక్కెడ వేరు. ఒకదాని తూనికరాళ్ళు రెండోదానికి పనికిరావు.

ఇక్కడొక చిత్రమైన సంగతి చెప్పాలి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో వేమన మీద ఉపన్యాసాలిచ్చి, ఆయన మహాకవి అని పండితులకు నచ్చజెప్పారు. ఆ శర్మగారే తరువాత, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వెనుక, అన్నమయ్య పాటల పరిష్కరణకు పూనుకున్నారు; చాలా పాటలకు స్వరాలు కూర్చారు. జనం మెచ్చినవాడిని పండితుల దగ్గరకూ, పండితులైనా ఎరగనివాడిని జనం దగ్గరకూ చేర్చడంలో ఆ ఒక్క మనిషికీ చెయ్యి ఉందన్నమాట. ఆయన గుంపు వంక చూడలేదు, గుంపును ఈసడించనూ లేదు. ఓపికగా కూర్చుని విన్నారు.

ప్రతిభకు ముందుగా కావలసింది వెయ్యిమంది చప్పట్లు కాదు, అలా వినే ఒక్క మనిషి. చప్పట్లు ఎంతమందికి నచ్చిందో చెబుతాయి. ఎక్కడ శ్రుతి తప్పిందో, ఏ చరణంలో ప్రాణం పలికిందో చెప్పవు. అది చెప్పగలవాడు దొరికిన పిల్ల అదృష్టవంతురాలు.

కనక, ఓడి వచ్చిన పిల్లతో "జనానికి ఏం తెలుసమ్మా" అనకండి. జనానికి వేమన తెలిశాడు. "నువ్వే బాగా పాడలేదేమో" అనీ తేల్చెయ్యకండి. అన్నమయ్యకు అన్నేళ్ళూ ఒక్క ఓటయినా పడలేదు. టెలివిజను కట్టేసి, పక్కన కూర్చోబెట్టుకుని, "ఏదీ, ఆ పాట మళ్ళీ ఒక్కసారి పాడు" అనండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవాలంటే ఇంట్లో వినేవాళ్ళు ఒక్కరయినా ఉండాలి గదా!