మన సరుకుకు దారేది?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటలు పట్టుకొని ఊరూరా తిరిగినం. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు యూనివర్సిటీ విద్యార్థులం, టీచర్లు, సింగరేణి కార్మికులు, ఆఫీసుల ఉద్యోగులు ఒక్క రోడ్డు మీద కూర్చున్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కానీ ఆ రోడ్డు మీద మనం గట్టిగా మాట్లాడని నాలుగో ముచ్చట ఒకటి మిగిలిపోయింది. మన చేతిలోని సరుకు ఎటు పోవాలె? ఎవరికి అమ్ముకోవాలె? దారిలో దాన్ని ఆపే హక్కు ఎవరికి ఉన్నది?

ఈ ప్రశ్న ఉత్తర తెలంగాణకు ప్రాణం లాంటిది. పాత ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్, వరంగల్ జిల్లాల నిండా సంపదే. పసుపు, పత్తి, మక్క, వరి, వెదురు, తునికాకు, బొగ్గు. లేనిదల్లా ధర చెప్పే బలం. దళారీని తిట్టి ఊరుకుంటం. దళారీకి ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో అడగం. అమ్మేవాడి చుట్టూ కంచె ఉంటేనే కొనేవాడు మొనగాడు అవుతడు.

నిజాం కాలంలో సరిహద్దుల్లో కరోడ్‌గిరి నాకాలు ఉండేవి. సరుకు దాటాలంటే సుంకం కట్టాలె. తర్వాత రాజ్యాంగం వచ్చింది. దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని 301వ అధికరణం రాసుకున్నరు. దాని వెంటే ఆంక్షలకు వీలిచ్చే అధికరణాలూ రాసుకున్నరు. ఆ సందుల్లోంచి కొత్త నాకాలు మొలిచినయి.

పత్తి కథే చూడండి. 1970లలో మహారాష్ట్ర ప్రభుత్వం పత్తి కొనుగోలును తన గుత్తాధికారం చేసుకున్నది. రైతును కాపాడడానికే అన్నది. దాదాపు మూడు దశాబ్దాలు అక్కడి రైతు తన పత్తిని రాష్ట్రం దాటించి అమ్ముకుంటే నేరం. బయట ధర ఎక్కువ పలికిన ఏడాది యవత్మాల్ రైతుకు పెన్‌గంగ అవతల ఆదిలాబాద్ కండ్ల ముందే కనిపించేది. తన చెమటతో పండిన పత్తిని తానే దొంగచాటుగా దాటించాల్సిన గతి పట్టింది. అటు భాష వేరు, ప్రభుత్వం వేరు. కానీ ఆ రైతు కష్టం మన రైతు కష్టమే. కాపాడుతమని కట్టిన కంచె కాలికి సంకెల అయింది.

వెదురుది ఇంకా విడ్డూరం. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో కలిపింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును, తునికాకును చిన్నతరహా అటవీ ఉత్పత్తులుగా గుర్తించి, హక్కు అడవి బిడ్డలదని చెప్పింది. అయినా రవాణా పాస్ పుస్తకం మాత్రం అటవీ శాఖ బీరువాలోనే ఉండె. ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే చిన్న గోండు ఊరు కొట్లాడి, 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేష్ చేతుల మీదుగా ఆ పాస్ పుస్తకాన్ని గ్రామసభకు తెచ్చుకున్నది. తన వెదురు తానే అమ్ముకున్నది. 2012లో నిబంధనలు సవరించి, పాసులిచ్చే అధికారాన్ని గ్రామసభ వేసే కమిటీకి ఇచ్చిన్రు. 2017లో అడవి బయట పెరిగే వెదురును చెట్ల లెక్కలోంచి తీసేసిన్రు. చట్టం మారింది సరే. మన ఏజెన్సీలో ఎన్ని గ్రామసభల చేతిలో ఆ పుస్తకం ఉన్నది? మన మేదరి కుటుంబానికి వెదురు బొంగు ఏ ధరకు దొరుకుతున్నది? ఉద్యమకారులమని చెప్పుకునే మనం అడగవలసిన లెక్క ఇది.

ఇక పసుపు. నిజామాబాద్ యార్డు దేశంలో పేరున్న పసుపు మార్కెట్. అయినా మన రైతు నాలుగు పైసలు ఎక్కువ వస్తయని లారీ కిరాయి పెట్టుకొని మహారాష్ట్రలోని సాంగ్లీకి పోయిన రోజులు ఎన్నో. 1966 మార్కెట్ల చట్టం ప్రకారం లైసెన్సు ఇచ్చేది ఏ మార్కెట్ కమిటీకి ఆ కమిటీయే. యార్డు చుట్టూ గోడ, లోపల లెక్కపెట్టినంత మంది ఖరీదుదార్లు. వాళ్లు కూడబలుక్కుంటే ధర అక్కడే ఆగుతది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ వచ్చింది, ఎక్కడి వ్యాపారైనా ఆన్‌లైన్‌లో ధర పెట్టవచ్చన్నరు. కానీ సరుకును చూడని వ్యాపారి దేన్ని నమ్మి ధర పెడతడు? తేమ ఎంత, కర్కుమిన్ ఎంత అని నమ్మకమైన కాగితం యార్డులోనే చేతికి రావాలె. అది లేకుంటే కంప్యూటర్ పెట్టినా బీటు పాతదే.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచిన్రు. అందులో 170 మందికి పైగా రైతులే. గెలుస్తమని నిలబడలేదు, పసుపు గోస దేశానికి వినిపించాలని నిలబడ్డరు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. బోర్డు వచ్చింది కనుక మన పని అయిపోయిందా? బోర్డు పసుపుకు దారి వేస్తేనే ఆ నామినేషన్లకు విలువ.

కాగితం మీది అడ్డంకులు కొన్నయితే, నేల మీదివి మరికొన్ని. పెద్దపల్లి-నిజామాబాద్ రైలుమార్గం 177 కిలోమీటర్లు. 1993లో పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా పునాది రాయి పడితే, నిజామాబాద్ దాకా రైలు నడిచింది 2017లో. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు రైలు ఎక్కితే నేటికీ మహారాష్ట్రలోని ముద్ఖేడ్ చుట్టి రావాలె. సొంత రాష్ట్ర రాజధానికి పక్క రాష్ట్రం మీదుగా పోవడం కంటే పెద్ద నాకా ఏముంటది?

అడ్డంకులు పోవాలంటే మార్కెట్ యార్డులే తీసేయమంటవా అని కొందరు మిత్రులు అడుగుతరు. కాదు. తూకం మోసాలు ఆపడానికే నిజాం కాలంలో, 1930 ప్రాంతంలోనే మార్కెట్ చట్టం తెచ్చిన్రు. కాంటా, మద్దతు ధర, అదే రోజు పైసలు - ఇవి రైతుకు రక్షణ. 2020 సాగు చట్టాలు దారి తెరుస్తమని చెప్పి ఆ రక్షణకే ఎసరు పెడతయని రైతులు భయపడ్డరు. ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చొని 2021లో వాటిని రద్దు చేయించిన్రు. కంచె మొత్తం పీకేస్తే పశువులు పడతయి. కంచే చేను మేస్తే పంట మిగలదు. ఏది రక్షణో, ఏది దోపిడీకి ముసుగో విడదీసి చూడడమే ఇప్పటి పని.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలె. రాష్ట్రంలో ఒక యార్డు లైసెన్సు ప్రతి యార్డులో చెల్లాలె, ఆచరణలో కూడా. పసుపు, మక్క, పత్తి యార్డుల్లో నాణ్యత తేల్చే ల్యాబు, రైతు చేతికి కాగితం. ప్రతి ఏజెన్సీ గ్రామసభకు రవాణా పాస్ పుస్తకం. ఆర్మూర్, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్‌కు రైలు.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్కసారి నాయనతో యార్డుకు పోయి బీటు చూడండి. ఉద్యోగ మిత్రులారా, ఆ పాస్ పుస్తకం, ఆ లైసెన్సు ఫైలు మీ టేబుల్ మీదనే ఉంటయి. రోడ్డు మీద మనతో కూర్చున్న రైతు, ఆ ఫైలు కదిలేదాకా తెలంగాణ తన దాకా రాలేదనే అంటడు. ఆయన మాట తప్పని చెప్పే ముఖం మనకు ఉన్నదా?